తేలిన డెక్కు, తేలని విలువ

కరోనా తగ్గిన మరుసటి ఏడాది కార్తీక మాసంలో, ఓ బ్యాంకు కావలి శాఖ వారు అల్లూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఇంటికి విలువ కట్టమని నన్ను పంపారు. అప్పట్లో నేను ఆ శాఖకు ప్యానెల్ వాల్యూయర్ని. అంటే బ్యాంకు ఉద్యోగిని కాను. ఎవరైనా ఇల్లు కొనడానికి అప్పు అడిగితే, ఆ ఇల్లు నిజంగా ఎంత చేస్తుందో చూసి చెప్పే బయటి ఇంజనీరుని. హోదాలో మేనేజరు కంటే కింద, బ్రోకరు కంటే పైన. ఆ తీరపు గాలికి నా స్కూటరు హారను తుప్పుపట్టి రాలిపోతే, ఏడాదిపాటు దగ్గుతూ బండి నడిపానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. ఇప్పుడు చెప్పబోయేది అంతకంటే నమ్మలేనిది. కాకపోతే దీనికి సాక్షులున్నారు.

"ఇంటి వెనక డక్కుందట, అదీ చూడండి" అని మేనేజరు గారు ఫోనులో చెప్పినట్టు నాకు వినిపించింది. కోత కోసిన పొలాల్లో బాతుల్ని మేపడం మా జిల్లాలో మామూలే. బాతులకు విలువ కట్టడం నా పరిధిలోకి రాదని వినయంగా మనవి చేశాను. "బాతు కాదండీ బాబూ, డెక్కు! తోటలో కూర్చోడానికి వేసుకునే చెక్క వేదిక" అని ఆయన విసుక్కున్నారు.

ఇంటివాడు పోలయ్య, సముద్రంలో చేపల వేటకు వెళ్లే మనిషి. భార్య రమణమ్మ. కావలి మార్కెట్ దగ్గర, వీధివైపు గది ఉన్న ఇల్లొకటి మాట్లాడుకున్నారు. ఆ గదిలో చేపల పులుసు భోజనం హోటలు పెట్టాలని రమణమ్మ ఆశ. ఇది అమ్ముడైతేనే అది. కొంటున్నది సుజాత గారు, అల్లూరులో టీచరు. ఎన్నో అద్దె గదులు మారాక ఆమె చూసుకున్న మొదటి సొంత ఇల్లు. నా రిపోర్టు బాగుంటేనే ఆమెకు లోను.

ఫైబర్ పడవ వచ్చాక మూలపడ్డ పాత చెక్క పడవను విప్పి, ఆ పలకలతో నాలుగైదు వానాకాలాల కిందట పోలయ్య ఈ డెక్కు చేశాడు. మంచి పనితనం. సందుల్లో కొబ్బరి పీచు కుక్కి, గుగ్గిలం కాచి పోశాడు. నేల చెమ్మ ఎక్కకుండా అడుగున కూడా పలకలు కొట్టి, సిమెంటు దిమ్మెల మీద కూర్చోబెట్టాడు.

"డెక్కుంటే ఇంటికి రేటు పెరుగుద్దంట గదా సార్? బ్రోకరు చెప్పినాడు" అన్నాడు.

మా వృత్తిలో మొదటి పాఠం ఇక్కడే చెప్పాలి: ఖర్చు వేరు, విలువ వేరు. పైకప్పు లేనిది కట్టడపు విస్తీర్ణంలోకి రాదు. దాన్ని 'అదనపు హంగులు' అనే వరసలో వేస్తాం. అందులోనూ ఉప్పుగాలి తగిలే చెక్కకు తరుగుదల ఎక్కువ. ఇవన్నీ చెబుతుండగానే, డెక్కు మూలనుంచి కొబ్బరిచెట్టుకు కట్టిన లావుపాటి తాడు కనిపించింది. ఇదెందుకని అడిగాను.

"కట్టకపోతే పోదా సార్?"

"ఎక్కడికి పోతుందయ్యా?"

రమణమ్మే అందుకుంది. "పుట్టినకాణ్ణుంచీ పడవల్లో తిరిగిన మనిషి సార్. మంచానికి గూడా తాడు కడతాడు. నన్నొక్కదాన్నే వొదిలిపెట్టినాడు, అదే పుణ్యం." నేను ఫోటో తీయబోతుంటే, చూసేవాళ్లు నవ్వుతారని ఆమే వెళ్లి ఆ తాడు విప్పి పక్కన పడేసింది. నేను డెక్కును అదనపు హంగుల్లో వేసి, ఫోటో జతచేసి రిపోర్టు ఇచ్చేశాను.

ఆ వారమే వాయుగుండం పట్టింది. వాన వెలిశాక మేనేజరు ఫోను. "ఏమండీ, మీరు ఫోటోతో సహా రాసిన డెక్కు అక్కడ లేదట. టీచరమ్మ చూసి ఫోను చేసింది. స్థిరాస్తి ఎక్కడైనా నడిచిపోతుందా?"

వెళ్లి చూస్తే, నడవలేదు. ఈదింది. పైనా కిందా పలకలు, సందుల్లో గుగ్గిలం. ఇంకేం కావాలి? పడవలకు అలవాటైన చేతికి నీళ్లలో మునిగేది చేయడం రాలేదు. దొడ్లో నీళ్లు నిలవగానే డెక్కు దిమ్మెల మీద నుంచి లేచి, కంచె పడిపోయిన చోటు చూసుకుని, పక్కింటి మస్తానయ్య దొడ్లోకి వెళ్లి ఆగింది. దాని మీద మూడు కోళ్లు. ప్రయాణం వాటికి నచ్చినట్టే ఉంది, దిగమన్నా దిగలేదు.

"నా వలలో పడ్డ చేప నాదే గదా సార్?" అన్నాడు మస్తానయ్య.

"అది చేప గాదు మామా, నా డెక్కు!" అన్నాడు పోలయ్య, పిక్కలోతు నీళ్లలో గడకర్రతో తంటాలు పడుతూ.

"అట్టయితే పేరు పెట్టి పిలువు. వొస్తాదేమో చూద్దాం."

అందరం నవ్వుతున్నాం, సుజాత గారు తప్ప. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దగ్గరే నిలబడింది. "డెక్కు పోయిందని కాదండీ నా బాధ. దాన్నే లేపిన నీళ్లు రేపు ఇంట్లోకి రావని నమ్మకమేంటి? అది తేలకపోతే ఈ ఇల్లు నాకొద్దు" అంది.

రమణమ్మ నవ్వు ఆగిపోయింది. కావలి హోటలు అక్కడే మునిగిపోయేలా ఉంది. నీళ్లు ఎప్పుడూ గడప దాటలేదని ఆమె ఒట్టేసింది. అమ్మేవాళ్ల ఒట్టు మా లెక్కలోకి రాదు. పెద్ద తుఫానప్పుడు తన మోకాలి దాకా వచ్చాయన్నాడు మస్తానయ్య. అతను ఎక్కడ నిలబడి చూశాడో అతనికే గుర్తులేదు.

అప్పుడు నా చూపు కొబ్బరిచెట్టు మీద పడింది. దాని మొదలు దగ్గర, ఒకదానిపైన ఒకటి, నున్నగా అరిగిన గీతలు. పోలయ్య తాడును బిగించి కట్టేవాడు కాదు. పోటుకూ పాటుకూ పడవ లేచి దిగేలా ఎలా కడతారో అలాగే, చెట్టుచుట్టూ వదులుగా ఉచ్చు వేసేవాడు. నీళ్లతో డెక్కు లేస్తే ఉచ్చు పైకి జరిగేది. నీళ్లు నిలిచినన్నాళ్లూ డెక్కు ఊగుతుంటే తాడు అక్కడే ఒరుసుకుని గీత పడేది.

"పెద్ద తుఫానుకీ కట్టే ఉందా?" అని పోలయ్యను అడిగాను.

"ఆ మాత్రం తెలీదా సార్? ఆ పై గీత అప్పటిదే. దానికి పైన ఇంకో గీత ల్యేదు."

మేస్త్రీలు పునాది మట్టం చూసే పారదర్శకమైన ట్యూబు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. దానిలో నీళ్లు నింపి, బుడగలు లేకుండా తట్టి, ఒక కొస పై గీత దగ్గర నేను పట్టుకున్నాను. రెండో కొస సుజాత గారి చేతికే ఇచ్చి పునాది గోడకు ఆనించమన్నాను. కొసలు ఎంత దూరంలో ఉన్నా నీళ్లు రెండింటిలోనూ ఒకే మట్టంలో నిలుస్తాయి. అవి నిలిచిన చోట ఆమే గోడమీద వేలు పెట్టింది. గడప ఆ వేలికి మూరెడు పైన ఉంది. ఆమె ఇంకోసారి పట్టి చూసింది. మళ్లీ మూరెడే.

"ఇంతవరకూ రాలేదని నేను రాయగలను. ఇక ముందు రాదని సముద్రమే రాయాలి" అన్నాను. ఆమె చెప్పులు కింద పెట్టి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి, వంటగది ఇంకోసారి చూస్తానంది. రమణమ్మ పరుగున వెళ్లి లైటు వేసింది.

రిపోర్టు తిరగరాశాను. నేలకు బిగించనిది స్థిరాస్తి కాదు, సామాను. కాబట్టి డెక్కును హంగుల్లోంచి కొట్టేశాను. ఆ స్థానంలో, వరద మట్టం గడపకు మూరెడు కిందే ఉన్నట్టు గుర్తులున్నాయని రాసి, చెట్టు ఫోటో పెట్టాను. మేనేజరు ఆ ఫోటోను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి సంతకం పెట్టారు. లోను వచ్చింది.

"అయితే నా డెక్కు ఇలువ సున్నానా సార్? అట్టయితే నేనే తీసకపోతా" అన్నాడు పోలయ్య.

"తీసకపోయి కావలిలో మిద్దె మీద తేలిస్తావా?" అంది రమణమ్మ.

సుజాత గారు దాన్ని మళ్లీ దిమ్మెల మీదికి తెప్పించి అక్కడే ఉంచమంది. తాళాలు ఇచ్చిన రోజు పోలయ్య తాళాలకంటే ముందు తాడు ఆమె చేతిలో పెట్టి, ఉచ్చు ఎలా వేయాలో నేర్పాడు. ఇప్పటికీ వానలకు ముందు ఆమే కడుతుంది. మస్తానయ్య మాత్రం ఆశ చావక ఆ కంచె బాగుచేయలేదు. కావలి వెళ్లినప్పుడల్లా రమణమ్మ హోటల్లోనే తింటాను. అక్కడ బల్లలకు తాళ్లు లేవు, వెతికి చూశాను.

తోటలో డెక్కు వేస్తే ఇంటికి ధర పెరుగుతుందా అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. పెట్టిన ఖర్చంతా తిరిగి రాదు. ఉప్పుగాలి ఉన్నచోట అసలే రాదు. కొనేవారి మనసులోని భయం ఏదో అది తీరిస్తే ఇల్లు అమ్ముడవుతుంది, తీర్చకపోతే లేదు. నేలకు బిగిస్తే లెక్కలోకి వస్తుంది. కానీ తీరంలో ఉండేవాళ్లు మాత్రం, బిగించే ముందు ఒక్క వానాకాలం దాన్ని తేలనిచ్చి చూడడం మంచిది.