పెందుర్తి పాసింజరులో అమ్మ

నానమ్మ మూడేళ్లు మంచం మీదే ఉండి 1981 చలికాలంలో పోయింది. ఆ మూడేళ్లూ అమ్మ మా ఊరు దాటలేదు. పద్మనాభానికి కూతవేటు దూరంలో మా ఊరు, కాస్త వరి పొలం, రెండు గేదెలు. నానమ్మకు నీళ్లు పోయడం, అన్నం కలిపి పెట్టడం, పక్క మార్చడం అన్నీ అమ్మే. అందుకే 1982 వేసవిలో, నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసిన వారానికే, నాన్న గేదెల్ని చిన్నాన్నకు అప్పగించేశారు. "ఈ ఎండలకి నిన్ను మీ అప్ప ఇంటికీ, మా సెల్లి ఇంటికీ తిప్పుతాను. నువ్వు ఏ పనీ సెయ్యొద్దు, తిని కూకో" అన్నారు అమ్మతో. అమ్మ నమ్మలేదు. బస్సు ఎక్కేదాకా నమ్మలేదు.

అప్పట్లో ఆనందపురం మీదుగా విశాఖకు రెండు గంటలు పట్టేది. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుంటే కూర్చోవడానికి చోటు దొరికేది, తర్వాతి బస్సులకు మెట్ల మీద వేలాడాలి. పెద్దమ్మ వాళ్లది కంచరపాలెం, రైలు పట్టాల పక్కన రెండు గదుల ఇల్లు. గూడ్సు బండి వెళ్తుంటే గూట్లో గ్లాసులు గలగలలాడేవి. మొదటి రోజు అమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. మూడో రోజుకి ఆ మోతలోనే గుర్రుపెట్టి నిద్రపోయింది. పెదనాన్న పోర్టులో పని చేసేవాడు. ఒక సాయంత్రం మమ్మల్ని తీసుకెళ్లి దూరం నుంచి ఓడల్ని చూపించాడు. "ఇంత ఇనుము నీటిమీద ఎలాగ తేల్తాదేటి?" అని అమ్మ అడిగితే, పాతికేళ్లుగా అక్కడే పనిచేస్తున్న పెదనాన్న తల గోక్కున్నాడు. నేను జీవితంలో మొదటిసారి ఐస్‌క్రీము తిన్నదీ ఆ వారమే. అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, పళ్లు జివ్వుమన్నాయని నాకిచ్చేసింది.

అసలు చెప్పాలనుకున్నది కంచరపాలెం నుంచి బయల్దేరిన రోజు గురించి. పెందుర్తిలో మా అత్త ఇంటికి బస్సులో వెళ్లొచ్చు. కానీ అమ్మ ఎప్పుడూ రైలు ఎక్కలేదు కాబట్టి రైల్లోనే వెళ్దామన్నారు నాన్న. పొద్దున ఎనిమిదింటి పాసింజరుకు విశాఖ స్టేషనుకు వచ్చాం. అమ్మను, సంచుల్ని ఆడవాళ్ల పెట్టెలో కూర్చోబెట్టి నాన్న, నేను కూజాలో నీళ్లు పట్టడానికి దిగాం. కుళాయి పక్కన బరువు తూచే మిషను ఉంది. ఎర్ర, పచ్చ దీపాలతో చక్రం గిర్రున తిరుగుతోంది. ఎక్కుతానని మారాం చేశాను. నాన్న నాణెం వేశారు. చక్రం తిరిగి తిరిగి ఆగింది, టక్కుమని చీటీ పడింది. నేను దాన్ని అందుకుని చదువుతుండగా వెనక రైలు కదిలింది.

నాన్న కూజా వదిలేసి పరుగెత్తారు. కిటికీలో అమ్మ ముఖం కనిపించింది, ఏదో అరుస్తోంది. చివరి పెట్టె కూడా మమ్మల్ని దాటి వెళ్లిపోయింది.

"ఆపండి బాబూ, మా ఇంటిది ఎక్కీసినాది!" అని నాన్న ఒక పోర్టరు చెయ్యి పట్టుకున్నారు.

"ఇంకేటాపుతారు బాబూ, ఎల్లిపోనాది కదా! మల్లీ బండి సాయంత్రమే. బస్సుకెల్లు, బేగి!"

అమ్మకు చదువు రాదు, స్టేషను పేరు చదవలేదు. చేతిలో పైసా లేదు. మూడు టిక్కెట్లూ నాన్న జేబులోనే ఉన్నాయి. అత్త ఇంటికి తను అంతకుముందు ఒకే ఒక్కసారి, పెళ్లయిన కొత్తలో, ఎడ్లబండి మీద వెళ్లింది.

రిక్షాలో బస్సు దగ్గరకు చేరి పెందుర్తి బస్సు ఎక్కాం. కంచరపాలెం, ఎన్.ఏ.డి. కూడలి, గోపాలపట్నం, వేపగుంట అన్నీ దాటుకుంటూ పోవాలి. బస్సు ప్రతి చోటా ఆగుతోంది. నాన్న ఉండబట్టలేక కండక్టరును అడిగారు: "కొంచెం బేగి ఎల్లదేటి బాబూ ఇది?"

"రెక్కలున్నాయనుకున్నావేటి దీనికి?" అని కసిరాడతను. సంగతి విన్నాక మాత్రం గొంతు తగ్గించాడు. గోపాలపట్నంలో టీకి దిగబోతున్న డ్రైవరును, "టీ తర్వాత తాగుదువులే అన్నా, ముందు పోనీ" అని మళ్లీ ఎక్కించాడు.

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. "నావల్లే నాన్నా."

"ఊరుకోయే గుంటా. ఆ మిషను సూడాలని నాకూ ఉంది" అన్నారు నాన్న కిటికీలోంచి బయటకు చూస్తూ.

పెందుర్తి స్టేషనుకు చేరేసరికి పదిన్నర. ప్లాట్‌ఫారం ఖాళీ. జెండాలు సర్దుకుంటున్న మనిషిని అడిగాం. "సేపల గంపలోల్లు దిగినారు. ఇంకెవల్నీ నాను సూడనేదు" అన్నాడు. ఆ రైలు అరకు దాటి ఇంకా ఎంతో దూరం పోతుందని నాన్నకు తెలుసు. బెంచీ మీద కూలబడ్డారు. అంతటి మనిషి అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి లేచి, "ముందు మావయ్యకి సెప్పి, ఆయన్ని తీసుకుని కొత్తవలస ఎల్దాం, పద" అన్నారు. మావయ్య తాపీమేస్త్రి. స్టేషను నుంచి వాళ్లింటికి మైలు దూరం. ఎండలో ఆ మైలంతా దాదాపు పరుగెత్తాం.

అత్త వాకిట్లో చాప పరిచి ఉంది. దాని మీద ఆవకాయకు కొట్టిన మామిడి ముక్కలు. అమ్మ కూర్చుని ఒక్కో ముక్కనీ గుడ్డతో తుడుస్తోంది.

"వచ్చీసినారేటి? కాల్లు కడుక్కోండి, అన్నాలు సల్లారిపోతన్నాయి" అంది తలెత్తి.

నేను వెళ్లి అమ్మ మీద పడిపోయాను. నాన్న నూతి దగ్గరకు వెళ్లి చేదతో నీళ్లు తోడి నెత్తిన కుమ్మరించుకున్నారు. ఒకటి, రెండు, మూడు చేదలు. లోపల్నుంచి వచ్చిన మావయ్య పగలబడి నవ్వాడు. "ఏటి బావా, సొక్కాతోటే తానం సేత్తన్నావ్?"

భోజనాల దగ్గర అమ్మ అంతా చెప్పింది. రైలు కదలగానే ఏడవడం మొదలుపెట్టిందట. పక్కన చేపల గంపలతో కూర్చున్న పోలమ్మ అనే ఆవిడ, "ఎక్కడికెల్లాలప్పా?" అని అడిగిందట. పెందుర్తి అనగానే, "మేవూ ఆడికే. మాయెనకాల దిగిపో" అందట. టిక్కెట్లు చూసే ఆయన వచ్చినప్పుడూ పోలమ్మే మాట్లాడింది: "టిక్కెట్టు ఈవిడ మొగుడి జేబులో ఉండిపోనాది బాబూ. నాను సాచ్చెం!" ఆయన నవ్వి వెళ్లిపోయాడట. ఎండెక్కితే చేపలు పాడైపోతాయి కాబట్టి పోలమ్మ స్టేషను బయటే దారి చూపించి వెళ్లిపోయింది. అక్కణ్నుంచి అమ్మ ఒక్కతే నడిచింది. తాపీమేస్త్రి ఇల్లేదని అడిగితే మొదట వేరే మేస్త్రి ఇంటికి పంపారు. వాళ్లు మజ్జిగ ఇచ్చి, పేరు కనుక్కుని, అత్త వాళ్ల వీధి చెప్పారు.

నాలుగు రోజుల తర్వాత బుట్టెడు మామిడిపళ్లతో విశాఖ తీరాన పోలమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాం. ఆవిడ వంజరం చేపల పులుసు పెట్టి మూడోసారి వడ్డించేదాకా వదల్లేదు. అమ్మ మోకాళ్ల దాకా సముద్రంలో దిగి, అల వచ్చినప్పుడల్లా పోలమ్మ భుజం పట్టుకుని చిన్నపిల్లలా కేకలు వేసింది.

తర్వాత చాలా ఊళ్లు తిరిగాను. దారి తప్పించే పొరపాటు ఒక్క క్షణంలో జరిగిపోతుందనీ, దాన్ని సరిదిద్దేది ఎక్కువగా పేరు కూడా తెలియని మనుషులేననీ ఆ రోజే నాకు తెలిసింది. ఇంటిల్లిపాదితో చుట్టాల ఊళ్లకు బయలుదేరేవాళ్లకు ఒక్కటే చెబుతాను. దిగాల్సిన స్టేషను, వెళ్లాల్సిన ఇంటివాళ్ల పేరు, వాళ్లు చేసే పని ఇంట్లో ప్రతి ఒక్కరి చేతా పైకి చెప్పించండి, చదువు రానివాళ్ల చేత ముందుగా. రైలు తప్పిన రోజు సాయంత్రం అత్త వాళ్ల అరుగు మీద అమ్మను అడిగాను, భయం వేయలేదా అని. "ఎయ్యకేటి! పెందుర్తి వచ్చేదాకా ఏడుత్తూనే ఉన్నాను" అంది. లోపల మావయ్యతో మాట్లాడుతున్న నాన్నకు వినపడకుండా గొంతు తగ్గించింది. "పెల్లయినకాడ్నించి మీ నాన్న ముందు నడుత్తాడు, నాను ఎనకాల నడుత్తాను. ఇయాల నా ముందు ఎవలూ నేరు. ఎంత దారి కనిపించినాదో సూడు!"