మెయిల్ కింద ఎర్రమ్మ సంతకం

ఎర్రమ్మకు వచ్చిన అక్షరాలు మూడే. ఎ, ర్ర, మ్మ. ఆ మూడు నేర్చుకోవడానికి ఆమెకు ఒక ఎండాకాలం మొత్తం పట్టింది. నాలుగోది నేర్పబోతే పలక పక్కన పెట్టేసి, "నా పేరు నాకొచ్చింది, చాలు" అని వెదురు బద్దలు చీరుకోవడానికి వెళ్లిపోయిందట. అంత మొండి మనిషి. ఆ మొండితనంతోనే గూడెంలో బుట్టలల్లే ఇరవై ముగ్గురు ఆడవాళ్లను ఒక్కచోట చేర్చి సంఘం పెట్టింది, దానికి ప్రెసిడెంటు అయింది.

సంతకం దగ్గర ఆమెకో పట్టింపు ఉండేది. కాగితంలో ఏముందో మొదటి నుంచి చివరి దాకా చదివి చెప్పనిదే పెన్ను ముట్టేది కాదు. చదివి చెప్పాల్సింది పుష్పలత. పాల్వంచ కంపెనీ కాలనీలో పెరిగి, ఇంటరు పాసై, కంప్యూటర్ నేర్చుకుని సంఘంలో ఉద్యోగానికి చేరింది. రోజూ భద్రాచలం బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి, మూడు కిలోమీటర్లు లోపలికి నడిచేది. బుట్టలు కొనే హైదరాబాదు షాపుకు ఇంగ్లీషులో రాసిన ప్రతి ఉత్తరాన్నీ మళ్లీ తెలుగులో ఎర్రమ్మకు చెప్పాలి. చెబితే ఊరుకునేదా?

"ఎప్పటిలోపల అడుగుతున్నరు బిడ్డా? ఎంత బుట్ట? మూత ఉండాల్నా? అదేందో మళ్ల చెప్పు."

పది వరసల ఉత్తరానికి అరగంట. ఆ తర్వాత ఆమె వంగి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, మూడక్షరాలు దించేది. ఒకరోజు దించినట్టు ఇంకోరోజు ఉండేది కాదు. పుష్పలత ఆ కాగితాన్ని పాల్వంచ నెట్ సెంటరుకు పట్టుకెళ్లి, స్కాన్ చేయించి, మెయిలుకు తగిలించి పంపేది.

2006లో సంఘం గదికే ఇంటర్నెట్టు వచ్చింది. ఆ వేసవిలోనే షాపు నుంచి రాజ్యశ్రీ అనే ఆమె మెయిల్ పెట్టింది. మీ మెయిళ్ల కింద సంఘం పేరు, ఫోన్ నంబరు, ఒక బుట్ట బొమ్మ, ప్రెసిడెంటు చేతి సంతకం ఉంటే మా కొనేవాళ్లకు నమ్మకంగా ఉంటుంది అని. పుష్పలతకు ఎక్కడ లేని హుషారూ వచ్చింది. ఎర్రమ్మను కూర్చోబెట్టి తెల్లకాగితం మీద అయిదుసార్లు సంతకం చేయించింది. అన్నిట్లోకీ మూడోది బాగుంది. పెన్ను ఒక్క క్షణం పట్టేయడంతో 'ర్ర' మధ్యలో సన్నటి తెల్లగీత పడింది గానీ, అదీ ముచ్చటగానే అనిపించింది. దాన్నే స్కాన్ చేసి, బుట్ట బొమ్మ పక్కన అమర్చింది. ఇక ఏ మెయిల్ రాసినా కింద దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ఎర్రమ్మ తెర మీద వేలు పెట్టి చూసుకుంది. "అగో, ఇది నా చెయ్యే! ఇగ నేను రాకున్నా నడుస్తదా?"

"నడుస్తది పెద్దమ్మా. నీ మోకాళ్ల నొప్పులకు ఊకూకే ఏం తిరుగుతవ్?"

మోకాళ్ల మీద జాలి నిజమే. కానీ పుష్పలత మనసులో ఇంకొకటి కూడా ఉంది. ఆ అరగంట చదువుడు తప్పింది. హమ్మయ్య అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

ఆషాఢంలో ఎర్రమ్మ కూతురి కాన్పుకని చర్ల వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే ఇటు షాపు మెయిల్ వచ్చింది. శ్రావణమాసం నోములకు వాయినమిచ్చే చిన్న బుట్టలు, మూడు వందలు, నెలలోపు కావాలి. అంత పెద్ద ఆర్డరు అంతకు ముందెప్పుడూ రాలేదు. చర్లకు ఎవరితోనైనా కబురు చేయొచ్చు. పుష్పలత చేయలేదు. తప్పకుండా పంపుతామని అప్పటికప్పుడే జవాబు కొట్టేసింది. కింద ఎర్రమ్మ సంతకం వచ్చి కూర్చుంది.

ఆడవాళ్లకు చెబితే వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అందరిలోకీ చిన్నది భవాని అడిగింది.

"వానల్ల బొంగు కొడితే పుచ్చుతది గదక్కా? ఎర్రమ్మత్త కొట్టనియ్యదు."

పుష్పలత ప్రింటు తీసి చూపించింది. కాగితం చేతులు మారింది. అక్షరాలు రాని వాళ్లు కూడా ఆ మూడక్షరాలను గుర్తుపట్టారు. కాగితం చర్ల పోయి వచ్చిందనుకున్నారు.

"అత్త సంతకం పెట్టిందంటే ఎరికయ్యే పెట్టుంటది" అంది భవాని.

పుట్టినప్పటి నుంచి వెదురు మధ్యనే బతికినవాళ్లు. తమకు తెలిసింది పక్కన పెట్టి, ఆ సంతకాన్ని నమ్మి అడవికి వెళ్లారు. ఎర్రమ్మకు చదివి వినిపించలేదని పుష్పలత అప్పుడు ఒక్క మాట చెప్పినా సరిపోయేది. ఆర్డరు పోతుందన్న భయంతో చెప్పలేదు. బుట్టలు చకచకా తయారయ్యాయి. లేత పసుపు రంగులో ఎంతో అందంగా ఉన్నాయి. ఎర్రమ్మ తిరిగొచ్చేసరికి పెట్టెలు లారీ ఎక్కిపోయాయి.

శ్రావణం పూర్తి కాకుండానే తిరిగొచ్చాయి. కొన్నవాళ్లలో ఎవరింట్లో చూసినా బుట్టకు సూదిమొన అంత రంధ్రాలు, వాయినం మీద తెల్లటి పిండి. పెట్టెలతో పాటు షాపు మేనేజరు వెంకటరామారావు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, కోపంలోనూ మర్యాద తప్పడు. ఆడవాళ్లందరి ముందూ మూడు మెయిళ్ల ప్రింట్లు ఎర్రమ్మ చేతికిచ్చాడు.

"ఒప్పుకుంటూ ఒకటి, లెక్క చెబుతూ ఒకటి, పంపించామని ఒకటి. ఇవి మీ సంతకాలేనా అమ్మా?"

ఎర్రమ్మ మూడింటినీ నేల మీద పక్కపక్కన పరిచింది. చదవలేదు గానీ, చేతిపని చూసిన కళ్లవి. ఒక చేత్తో అల్లిన రెండు బుట్టలే ఒక్కతీరుగా ఉండవు, మూడు సంతకాలు ఎలా ఉంటాయి? ఆమె వేలు మొదటి కాగితంలో 'ర్ర' మధ్య తెల్లగీత మీద ఆగింది. రెండోదాంట్లో అక్కడే ఆగింది. మూడోదాంట్లోనూ అక్కడే. అప్పుడు తలెత్తి పుష్పలత వైపు చూసింది.

నేను పంపాను అని పుష్పలత అంటే అయిపోయేది. మహా అయితే ఉద్యోగం పోయేది. ఆమె చూపు పెట్టెల వైపు తిప్పుకుంది.

"నాదే సారూ" అంది ఎర్రమ్మ. "నా చేతిదే."

"వానల్లో వెదురు కొట్టకూడదని మీకు తెలియదా అమ్మా?"

"తెలుసు."

షాపు ఆర్డర్లు ఆగిపోయాయి. ఎర్రమ్మ అదే రోజు ప్రెసిడెంటు పదవి వదిలేసింది. పదేళ్లుగా ఆమె మాటకు ఎదురు చెప్పని ఆడవాళ్లు, ఆమె ముందే లేచి బయటకు నడిచారు. పుష్పలత సాయంత్రం బస్సుకు బయలుదేరితే ఎర్రమ్మ ఇంటి ముందు కూర్చుని ఉంది. తిట్టినా బాగుండేది.

"నువ్వు చదివి చెప్పినన్ని దినాలు మంచిగుండె బిడ్డా" అంది, అంతే.

ఏడాది తిరక్కుండా సంఘం మూతపడింది. పుష్పలతకు పాల్వంచలో ఒక ఆఫీసులో పని దొరికింది. అక్కడా మెయిళ్ల కింద సంతకాల బొమ్మలు పెట్టమనేవాళ్లు. ఆమె మాత్రం పేరు టైపు చేసి ఊరుకునేది. ఎందుకని ఎవరడిగినా నవ్వి మాట మార్చేది.

2009లో ఒక మధ్యాహ్నం, ఆ ఆఫీసుకే ఏదో సర్టిఫికెట్టు కోసం ఎర్రమ్మ వచ్చింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. పుష్పలతను చూసి, "మంచిగున్నవా బిడ్డా?" అంది, ఎప్పటిలాగే. కౌంటర్లో గుమాస్తా కాగితం ముందుకు తోసి, తలెత్తకుండానే అడిగాడు.

"సంతకమా, వేలిముద్రా?"

"పెద్దమ్మకు సంతకం వచ్చు సార్" అంది పుష్పలత తొందరగా, పెన్ను అందిస్తూ.

ఎర్రమ్మ ఆ పెన్ను వైపు చూసింది. అందుకోలేదు.

"రాదు సారూ" అని బొటనవేలు చాచింది.