మేస్త్రి భార్య చూడని మెట్లు

అనంతపురంలో బెంగళూరు రోడ్డు పక్కన మా కాలనీ. కొన్నేండ్ల కిందట అక్కడ శెనక్కాయ చేలు ఉండేవి. ఇప్పుడు చుట్టూ ఎత్తు గోడ, ముందర పెద్ద గేటు, లోపల వరసగా రెండంతస్తుల ఇండ్లు. ఊళ్ళో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ఎండాకాలంలో కూడా మా పార్కులో గడ్డి పచ్చగానే ఉంటుంది. డాక్టర్లు, కాంట్రాక్టర్లు, రాజకీయాల్లో తిరిగేవాళ్ళు ఎక్కువ. నేను గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో, ఒకటిన్నర గదిలో ఆరుమంది మధ్య పెరిగినవాణ్ణి. ఆ గేటు లోపల నాకొక ఇల్లుందంటే చాలా రోజులు నాకే నమ్మకం కుదర్లేదు.

ఆ ఇల్లు కట్టింది ఒక ముస్లిం మేస్త్రి. దాదాపు నా వయసే. ఏడాదిపాటు ఆఫీసుకు పోయేముందు, వచ్చినాక ఆయన పక్కనే ఉండేవాణ్ణి. నన్ను అన్నా అని పిలిచేవాడు. స్లాబు వేసిన మూడోరోజు ట్యాంకరు రాలేదు. మే నెల ఎండ. తడి ఆరితే స్లాబు పగులుతుందని నేను ఫోన్ల మీద ఫోన్లు చేస్తా ఉంటే, ఆయన తన బండికి క్యాన్లు కట్టుకొని పక్క తోటలో బోరు నుంచి పొద్దుగూకేదాకా నీళ్ళు మోసినాడు. లోపలి మెట్లు గుండ్రంగా తిరిగి పైకి పోవాలని నేను పట్టుబట్టినాను. అట్లాంటివి ఆయన అంతకుముందు కట్టలేదు. రెండుసార్లు కట్టింది విప్పించి, మూడోసారి కుదిరినాక కింద నిలబడి చాలాసేపు చూసుకున్నాడు.

"ఇంట్లో రోజూ వీటి కథే చెప్తాండా అన్నా. మా ఆమె నమ్మదు. ఒకసారి పిల్చుకోనొచ్చి చూపిస్తా."

"ఎప్పుడన్నా రాప్పా. నీ ఇల్లే అనుకో," అన్నాను.

గృహప్రవేశం నాడు మేస్త్రి బంధువుల్లో ఎవరో చనిపోయి, వాళ్ళిద్దరూ రాలేకపోయినారు.

కొన్ని నెలలకు నన్ను కాలనీ కమిటీలోకి తీసుకున్నారు. పనివాళ్ళు పక్క గేటు నుంచే రావాలని, ముందు గేటుకొచ్చిన వాళ్ళను ఇంటివాళ్ళు ఊ అంటేనే పంపాలని తీర్మానం చేసినాము. నేనూ చెయ్యెత్తినాను.

రంజాన్ పండుగ మరుసటి రోజు సాయంత్రం కమిటీ మొదటిసారి మా ఇంట్లో, మేడమీద హాల్లో కూచుంది. టీలు ఇస్తుండగా గేటు నుంచి వాచ్‌మన్ ఫోన్ చేసినాడు. వరండాలోకి పోయి మాట్లాడినాను.

"సార్, మీ ఇల్లు కట్టిన మేస్త్రంట. పెండ్లాన్ని పిల్చుకోనొచ్చినాడు. మెట్లు చూపించల్లంటాండాడు. పంపల్లా?"

లోపల మా అధ్యక్షుడు, ఇప్పుడు కాలనీ పద్ధతిగా ఉందని, ఎవరు పడితే వాళ్ళు లోపలికి రావడం లేదని చెప్తున్నాడు. మేస్త్రి వచ్చి ఇంతమంది ముందర నన్ను అన్నా అంటాడేమో అనుకున్నాను. నా భయం అంతే. అంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా నాకు దొరకలేదు.

"ఇంట్లో లేనని చెప్పు," అన్నాను.

తలెత్తితే గేటు సూటిగా కనిపించింది. తెల్లచొక్కాలో ఆయన, పక్కన తలమీద కొంగు కప్పుకున్న ఆమె. ఆయన మా వరండావైపే చూస్తున్నాడు. నేను స్తంభం చాటుకు జరిగినాను. ఆ స్తంభమూ ఆయన లేపిందే.

అందరూ వెళ్ళినాక వాచ్‌మన్ ఒక స్టీలు క్యారియరు తెచ్చిచ్చినాడు. మేస్త్రి భార్య ఇచ్చిపోయిన పండుగ పాయసం, షీర్ ఖుర్మా.

"లోపలికి పిలవకపోతిరా?" అంది నా భార్య.

"వాళ్ళకే ఏదో పనుందంట," అన్నాను.

ఇంట్లో అందరూ తిన్నారు. నేను ముట్టుకోలేదు.

వారం తర్వాత ఆ క్యారియరులో నా భార్య బెల్లం ఓళిగలు పెట్టిస్తే, తీసుకొని ఆయన పనిచేసేచోటికి పోయినాను. గోడకు ప్లాస్టరింగ్ చేస్తున్నాడు.

"రాండి సార్," అన్నాడు. ఆ సార్ దగ్గరే నా కాళ్ళు ఆగిపోయినాయి.

"ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉన్నా," అన్నాను.

"చూసినా," అన్నాడు. చేతిలో తాపీ ఆపలేదు.

"తప్పు చేసినా. ఆదివారం నేనే కారు తెస్తా. ఆమెను పిల్చుకోని రా."

"మా ఆమె రాదు సార్. నాకేముంది, గేట్ల కాడ నిలబడేది నాకలవాటే. ఆమే పాపం, కొత్త చీర కట్టుకోనొచ్చిండె." కొంచెంసేపు గోడను సాపు చేసి, "స్లాబు యాడన్నా కారతాండాదా?" అని అడిగినాడు.

లేదన్నాను.

"కారదు," అన్నాడు.

తర్వాతి మీటింగులో, ఇండ్లు కట్టిన మేస్త్రీలను ముందు గేటు నుంచే రానివ్వాలని నేను ప్రతిపాదించినాను. రిపేర్లకు పిలిచినప్పుడు మనకే సులువని కారణం చెప్పినాను. ఎవరూ కాదనలేదు. అసలు కారణం చెప్పడానికి మాత్రం అప్పుడు కూడా నోరు రాలేదు.

ఇప్పుడాయన మా వెనక వరసలో ఇంకొక ఇల్లు కడుతున్నాడు. ముందు గేటు నుంచి రావచ్చు. అయినా కూలీలతోపాటు పక్క గేటు నుంచే వస్తాడు. ఎదురుపడితే నవ్వి పలకరిస్తాడు. నేను టీకి పిలుస్తాను.

"సిమెంటు మాలు కలిపి పెట్టినాము సార్, గట్టిపడిపోతాది," అంటాడు.

నిజమే, కలిపిన మాలు ఆగదు. ఏడాది ఆయన పక్కన నిలబడి చూసినవాణ్ణి, ఆ మాత్రం నాకూ తెలుసు. సరే అని వెనక్కు వస్తాను. రెండు మూడు రోజులకు మళ్ళీ పోయి పిలుస్తాను.