రెండో బ్రేకు

డ్రైవింగ్ స్కూల్లో మా టీచరమ్మను వెనకాల అందరం బ్రేకు మేడమ్ అనేవాళ్లం. నేర్పే కారులో ఆవిడ కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. రోడ్డు మీద పిల్లి కనిపించినా ఆవిడ పాదం దాని మీద పడాల్సిందే. ఏళ్ల తరబడి ఆడవాళ్లకు బండి నేర్పుతున్నా కారుకు ఒక్క గీత పడనివ్వలేదని ఆవిడ గర్వం. నోరు కాస్త కరుకే గానీ మనసు వెన్న.

ఈమధ్య ఆవిడకు నేనే ఒక నవల ఇచ్చాను. అందులో ఒక రోజు తెల్లారేసరికి ఆడవాళ్ల లైసెన్సులన్నీ రద్దవుతాయి. ఆ తర్వాత ఉద్యోగాలు పోతాయి. ఆపైన గడప దాటడం కూడా ఉండదు. ఎవరూ ఎవరినీ కొట్టరు. మొగుళ్లంతా మర్యాదగా “నీ మంచికే కదా” అంటారు. మేడమ్ చదవడం పూర్తిచేసి, పొద్దున్నే పుస్తకం నా ఒళ్లో పడేసింది.

“ఇదేం పుస్తకమమ్మా, కంటి మీద కునుకు లేదు నాకు! మా ఆయన కారు తాళాలు తీస్తుంటే గుండె ఝల్లుమంది. పాపం, ఆయన కూరగాయలకి వెళ్తున్నాడు.”

నవ్వాను గానీ నాకూ లోపల బెరుకే. నాతో పాటు నేర్చుకునే అమ్మాయిని వాళ్లాయన మానిపించాలని చూస్తున్నాడు. ఆమె నర్సు. కొత్తగా ఊరవతల ఆసుపత్రికి మార్చారు. డ్యూటీ వేళకు అక్కడికి బస్సు లేదు. బండి నడపడం వస్తే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే ఊడుతుంది. ఆయన గొంతు పెంచే రకం కాదు. “నీకెందుకీ రిస్కు? నేనున్నాగా” అంటాడట. ఇలాంటి మంచివాళ్లతోనే వచ్చింది చిక్కంతా.

“ఆ పిల్ల పరీక్ష గట్టెక్కేదాకా నాకు ఊపిరాడదు” అంది మేడమ్. నర్సుకూ గట్టిగా చెప్పింది: “ఎవరేమన్నా వినకు. బండి నీది, రోడ్డు నీది.” కానీ భయం పట్టుకున్నాక ఆవిడ పాదానికి తొందర ఇంకా ఎక్కువైంది. సైకిల్ కనిపిస్తే బ్రేకు, మలుపొస్తే బ్రేకు. పాపం నర్సు ముఖం రోజురోజుకూ చిన్నబోయింది.

పరీక్షకు ముందు రోజు, నా వంతు కోసం వెనక సీట్లో కూర్చున్నాను. ఆ రోజు నర్సు ఎంత బాగా నడిపిందో! కూడలి దాటింది. లారీని తప్పించుకుని ముందుకెళ్లింది. ఇంతలో వాళ్ల వీధి చివర వాళ్లాయన కనిపించాడు. దారికి అడ్డంగా ఏమీ లేడు, రోడ్డు పక్కనే నిలబడ్డాడు. నవ్వుతూ ఆపమని చెయ్యెత్తాడు. నర్సు చూసింది, పెదవి బిగించింది, స్పీడు తగ్గించలేదు. వెళ్లిపో తల్లీ, ఆపకు, వెళ్లిపో అనుకున్నాను.

కారు ఆగింది.

ఆయన వచ్చి తలుపు తీశాడు. “దిగు, ఇంటికెళ్దాం. నేర్చుకున్నది చాల్లే” అన్నాడు మెత్తగా.

నర్సు ఆయన వైపు చూడలేదు. స్టీరింగు వదలకుండా మేడమ్ కాళ్లకేసి చూసింది.

“నేను ఆపలేదు మేడమ్” అంది.