అత్తమ్మ ఆటలోకి కొత్త పాటలు

ఈ ఉదయం భూపాలపల్లిలో ఆఫీసుకు బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. కొత్త పాటలు వచ్చాయి, డౌన్‌లోడ్ చేసుకోమని ఓ పాత ఆట పంపిన కబురు. ఆ ఆటలో పాట మోగుతుండగా తెర పైనుంచి నల్లటి పలకలు జారుతుంటాయి. తాళానికి సరిగ్గా వేలు పెట్టి వాటిని కొట్టాలి. ఒక్కటి తప్పినా తెర ఎర్రబడి పాట ఆగిపోతుంది. నేను దాన్ని ఆడక చాలా కాలమైంది గానీ, నేను వెళ్ళినప్పుడు మా మేనత్త ఆడుకోవడానికి ఫోన్‌లో ఉంచుకున్నాను. చెప్పులు తొడుక్కోవడం మాని గడప మీదే కూర్చుని పాటలు దించడం మొదలుపెట్టాను. సిగ్నల్ అంతంతమాత్రం. తెర మీద గీత మెల్లగా నిండుతుంటే మానుకోట ఇల్లు గుర్తొచ్చింది.

మాది జనగామ. డిగ్రీ చదువుకోసం నన్ను మహబూబాబాద్‌లో అత్తమ్మ ఇంట్లో ఉంచారు. ఆ ఊరిని అక్కడివాళ్ళు మానుకోట అనే అంటారు. ముందు కిరాణా దుకాణం, వెనక ఇల్లు, ఇంటి వెనక రైలు పట్టాలు. బెల్లం, ఎండుమిర్చి కలిసిన వాసన గోడలకే కాదు, నా పుస్తకాలకూ పట్టింది. అప్పట్లో చదివిన నవలలు ఇప్పుడు తెరిచినా ఏదో ఒక పేజీ దగ్గర తుమ్ము వస్తుంది. కథలో అది ఏడవాల్సిన చోటైనా సరే. మామయ్య పోయినప్పటి నుంచి గల్లా దగ్గర అత్తమ్మే కూర్చునేది. సరుకు తేవడం, తూకం వేయడం ఆమె కొడుకు, అంటే మా బావ పని. తండాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు నోరు తెరవకముందే, "చింతపండే గదా? పోయినసారి తీస్కపోయినంతనేనా?" అని అడిగేది. వాళ్ళు నవ్వి తలూపేవారు. మనిషిని చూస్తే చాలు, మనసులో ఉన్నది ఆమెకు తెలిసిపోతుందని బజారంతా అనుకునేది.

నాది మొదటినుంచీ చిన్న గొంతు. ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే, అడగడం మాని రాత్రి డైరీలో రాసుకునే రకాన్ని. అత్తమ్మ రోజూ దెప్పేది. "ఏందే, బాయిలకెల్లి మాట్లాడినట్టు మాట్లాడ్తవ్? నోరు తెరువ్ జర." బావ దానికి తోడు. "దానికి ఇంకో ముద్ద ఎక్కువ పెట్టమ్మా, అప్పుడన్న గొంతు లేస్తది." నేను సిగ్గుపడి ఇంకా తగ్గించేదాన్ని. లోపం నాదేనని నేను నమ్మాను. చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆమె ఫిర్యాదులు వినీ వినీ మా అమ్మా నమ్మింది.

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక అత్తమ్మ పీట వాల్చుకుని నా ఫోన్ అడిగేది. అందులో పాత సినిమా పాటలు కొన్ని ఉండేవి, ఆమె చిన్నతనంలో రేడియోలో విన్నవే. పసుపు అంటిన రెండు వేళ్ళతో ఒక్క పలకా తప్పకుండా కొట్టేది. బావ పందెం వేసి ప్రతిసారీ ఓడిపోయేవాడు. "చూసి కొడ్తే ఆలిశమైతదిరా, ముందే తెల్వాలె," అని ఆమె నవ్వేది. బావకు ఆ నవ్వు కొంచెం గుచ్చుకునేది. "ఇంక ఇంట్ల కూసొని ఆడుకోమ్మా, గల్లా నేను చూస్కుంట," అనేవాడు. ప్రేమతోనే అనేవాడు. అయినా ఆ మాట రాగానే ఆమె ఫోన్ పక్కన పెట్టేది. "ఇంట్ల కూసొని గోడలతోని మాట్లాడ్నా?"

ఆ వానాకాలంలో ఆటకు కొత్త పాటలు వచ్చాయి. కాలేజీలో ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య వాటిని దించుకుని, ఇంటికి రాగానే సంబరంగా అత్తమ్మ చేతిలో పెట్టాను. మొదటి పాట మొదట్లోనే ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఎరుపు. ఇంకో పాటా అంతే. "ఇవి మంచిగ లెవ్వే, తాళం తప్పుతున్నయ్," అని విసుక్కుని పాతవాటికి పోయింది. అక్కడ వేళ్ళు మునుపటిలాగే పరిగెత్తాయి. కాలి బొటనవేలు నేలకు తాటిస్తూ, తల ఊపుతూ, కళ్ళు సగం మూసి ఆడుతోంది. బియ్యం చెరుగుతూ చూస్తున్న నాకు ఏదో తేడాగా అనిపించింది. ఇంట్లో పాట వినిపించడం లేదు. పొద్దున క్లాసులో మూసేసిన సౌండు నేను తెరవనేలేదు.

చేట కింద పెట్టి వెళ్ళి సౌండు పూర్తిగా పెంచాను. పాట ఇల్లంతా మోగింది. ఆమె తల ఊపు మారలేదు. తర్వాత కళ్ళెత్తి నా ముఖం చూసింది, చూడగానే అర్థం చేసుకుంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది.

"ఎప్పటిసంది వినొస్తలేదు అత్తమ్మా?"

నా పెదాల వంకే చూస్తూ చెప్పింది. "మీ మామ పోయినంక మెల్లగ తగ్గింది. మొకం చూస్తే తెలుస్తది బిడ్డా, మాట. నువ్వు తల దించుకొని మాట్లాడ్తవ్, నీదే తెల్వది." "బావకు చెప్పకు. గల్లా కాడికెల్లి లేపుతడు."

చెప్పనన్నాను. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు ఆమె పక్కన కూర్చుని, ఆమె మోకాలి మీద తాళం వేస్తూ కొత్త పాట నేర్పాను. నా వేళ్ళు ఎక్కడ ఆగితే ఆమె వేళ్ళు అక్కడ ఆగేవి. వానలు తగ్గేసరికి ఒకరోజు పాట చివరిదాకా వెళ్ళింది. తెర మీద చుక్కలు వెలిగాయి. నేను చప్పట్లు కొట్టాను. ఆమె మాత్రం తెర మీంచి కళ్ళెత్తి నా పెదాల వంక చూస్తూ అడిగింది.

"పాడేది ఆడామెనా, మొగాయనా?"

"ఆడామె."

"గొంతెట్లున్నది?"

"జర బొంగురుగ. నీ లెక్కనే."

ఆమె ఫోన్ నా చేతిలో పెట్టింది. తర్వాత లేచి కొంగు సర్దుకుని, "రేపు దవాఖానకు పోదాం. వానికి నేనే చెప్త," అంది.

చెప్పింది. బావ చాలాసేపు తూకం రాళ్ళు అటూ ఇటూ మార్చి పెట్టాడు. "నేను వెనక నుంచి పిలిస్తే పలుకకపోతే, అలిగినవనుకున్ననమ్మా ఇన్నొద్దులు," అన్నాడు. మర్నాడు పొద్దున, గోడకు పక్కవాటుగా ఉండే గల్లా బల్లను తానొక్కడే జరిపి, వచ్చేవాళ్ళ ముఖాలు ఎదురుగా కనబడేలా వీధి వైపు తిప్పాడు. ఆమెను లేవమనలేదు. చెవి మిషన్ ఆ తర్వాత వచ్చింది.

పాటలు దిగడం పూర్తయ్యాక అత్తమ్మకు ఫోన్ చేశాను. "అరువకే, వినొస్తది," అంది. ఆమెతో గట్టిగా మాట్లాడి అలవాటైన గొంతు మళ్ళీ తగ్గలేదు. ఆఫీసులో నన్ను పిరికిదాన్నని ఎవరూ అనుకోరు. నేను లేనప్పుడు బావ ఫోన్‌లో ఆడుకుంటుంది. కొత్త పాటల్ని మిషన్ పెట్టుకునే ఆడుతుందట. వాటిని పోల్చి చూసుకోవడానికి లోపల పాత జ్ఞాపకం ఏదీ లేదు కాబట్టి అవి హాయిగా ఉంటాయంది. పాతవి మాత్రం మిషన్‌లో రేకుడబ్బా మీద వాన పడ్డట్టున్నాయట, తను విన్నవి అవి కావట. అందుకే పాత పాట ఆడేముందు మిషన్ తీసి గల్లా బల్ల మీద పెడుతుంది. గడిచిపోయిన కాలం ఆమెకు ఇప్పటికీ అలాగే బాగా వినిపిస్తుంది.