కౌశల్య రాసిన చిరునామాలు

వాలేలేవు మార్కెట్ వెనక, ఒకప్పుడు దర్జీ కొట్టుగా ఉన్న ఆ గదిలో, మధ్యాహ్నం వాన మొదలైతే చాలు, కౌశల్యకు పని సాగేది కాదు. రేకుల మీద చినుకుల చప్పుడు చెరకు ఆకుల గలగలలా వినిపించేది. కలం పట్టిన చెయ్యి అలాగే ఆగిపోయేది. కళ్ళు తెరిచే ఉన్నా ఎదుట తన ఊరు రాకిరాకి కనిపించేది: నకౌవాద్ర కొండల కింద తెల్లటి చెరకు పూలు, గడల బండ్లను ఈడ్చుకుపోయే చిన్న రైలు, మిల్లు గొట్టం నుంచి తేలివచ్చి ఆరేసిన బట్టల మీద వాలే నల్లటి మసి. ఆ మసిని తిట్టని రోజు లేదు అప్పట్లో. ఇప్పుడు దానికోసమే ప్రాణం కొట్టుకుంటోంది. మనసుకు సిగ్గనేది ఉంటేగా!

కౌలు గడువు ముగిసింది, భూమి సొంతదారులు తిరిగి తీసుకున్నారు. వాళ్ళ పెద్దాయన, మన్నింపు కోరేటప్పుడు ఇచ్చే యంగోనా వేళ్ళ కట్ట పట్టుకొచ్చి ఆమె వాకిట్లో కూర్చుని, తానూ కళ్ళు తుడుచుకున్నాడు. ఎవర్ని తిట్టాలో కౌశల్యకు తెలియలేదు. భర్త అంతకుముందే పోయాడు. ఒక ట్రంకుపెట్టెతో వచ్చి, రాజధాని సువా శివారు వాలేలేవులో చెల్లెలు బిమ్లా ఇంటి వెనక గదిలో దిగింది.

అలా పొలాలు పోయి వచ్చిన కుటుంబాల కోసం ప్రభుత్వం ఏటా బడ్జెట్లో కొంత కేటాయించేది. మార్కెట్ వెనక ఈ సాయం గది నడిచేది దానితోనే. ఇంటి జాగాకు దరఖాస్తులు, పిల్లలకు కొత్త బడి, మొదటి నెలల బియ్యం, పప్పు అన్నీ ఇక్కడినుంచే. కౌశల్య దస్తూరి ముత్యాల్లా ఉంటుందని ఆమెను దరఖాస్తులు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

రెండువేల మూడు ఆగస్టులో సువా ఆఫీసు నుంచి సత్యేంద్ర అనే అధికారి వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్థుడు. కాగితాల కట్ట బల్ల మీద పెట్టి తల పట్టుకున్నాడు.

"దీదీ, ఈ కాగితాల లెక్కన ఒక్కరు కూడా ఇల్లు వదల్లేదు. అందరూ అప్పన్ ఫారంలోనే, సొంత పొలంలోనే ఉన్నారు!"

కౌశల్య చూసుకుంది. నిజమే. చిరునామా అన్నచోట అందరికీ పొలం నంబరే రాసింది. చెరకు రైతుకు పేరు తర్వాత పేరు ఆ నంబరే మరి. మిల్లు చీటీ మీద అదే, గుడి రసీదు మీద అదే, పెళ్ళి శుభలేఖ మీదా అదే. ఎక్కడుంటారని అడిగితే ఒక్కరూ వేరే మాట చెప్పలేదు, ఆమెకూ వింతగా తోచలేదు. ఎక్కడికీ వెళ్ళనివాళ్ళకు సాయమెందుకని సువాలో ఈ పద్దు కొట్టేయబోతున్నారు. పది రోజుల్లో సరిచేయకపోతే వచ్చే ఏటికి గది ఉండదు.

తన చేతులతో తానే అందరి నోటి దగ్గర కూడు తీసేశానని కౌశల్య కుమిలిపోయింది. గొడుగేసుకుని గడపగడపకూ తిరిగింది. మొండికేసినవాళ్ళను కసిరింది, ఏడ్చినవాళ్ళ పక్కన కూర్చుంది. ఇప్పుడుంటున్న చోటు రాయించుకుంది. చివరికి కిష్టయ్య తాత దగ్గర ఆగిపోయింది. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలాయన. తెలుగు ఇంకా నోట్లో మిగిలినవాడు. ఇంటి జాగా కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు.

"రాయబాకు బేటీ. ఆ నంబరు తీసేస్తే నేనెవుర్ని? మా నాయన చెరకు కూలికని ఈ దేశానికి ఓడెక్కేటప్పుడు పాసు మీద ఊరి పేరు రాసినారు. అందుకే మాకొక ఊరు ఉండాది. నా పిల్లకాయలకి ఏముంటాది?"

"తాతా, ఇది మారకపోతే గది మూసేస్తారు. నీకు జాగా నహీ మిలేగా."

ముసలాయన ఆమె సంచీ వంక చూశాడు. "తుమార్ కాగజ్ మే కౌన్‌చీ లిఖా?"

నీ కాగితంలో ఏం రాశావని అడిగేసరికి కౌశల్య సంచీ దగ్గరికి లాక్కుంది. ఆమె దరఖాస్తు సంచీ అడుగున అలాగే ఉంది, కొట్టివేత లేకుండా. ఊరందరినీ కసిరిన మనిషి తన నంబరు మాత్రం దాచుకుంది. బయటికి తీసింది. కలం పెట్టింది. గీత పడలేదు. కళ్ళలో నీళ్ళు అక్షరాల మీద రాలాయి. ఆ పొలం ఇక తనది కాదు, ఎప్పటికీ కాదు. ఈ మాట మూడేళ్ళుగా తనకు తాను చెప్పుకోలేదు.

కిష్టయ్య ఆ తడిసిన అక్షరాలు చూశాడు. తర్వాత వంగి, కాగితాన్ని ఆమె చేతుల్లోనే మెల్లగా తిరగేశాడు.

"ఎనక రాసుకో అమ్మా. ముందర వాళ్ళకి, ఎనక మనకి."

వెనక పొలం నంబరు రాసింది. ముందువైపు దాన్ని కొట్టేసి, బిమ్లా ఇంటి వెనక గది, వాలేలేవు అని రాసింది. ముసలాయన తనదీ చెప్పాడు. మర్నాటినుంచి మిగతా కాగితాల వెనక కూడా ఒక్కొక్కటే నంబర్లు ఎక్కాయి.

నవంబరులో రేడియో చుట్టూ గదినిండా జనం. మంత్రి బడ్జెట్ ప్రసంగం రోడ్లు, ఆసుపత్రులు, చక్కెర దాటి సాగుతూనే ఉంది. బిమ్లాకు ఆవలింతలొచ్చాయి. వాళ్ళ పద్దు మాట ఒక్క ఊపిరిలో వచ్చి వెళ్ళిపోయింది. కిందటేటి కన్నా తక్కువే, కానీ ఉంది. కిష్టయ్య తనకు వినపడలేదని మళ్ళీ చెప్పించుకున్నాడు, రెండుసార్లు.

మర్నాడు టాబియా అనే చెరకు ఊరి నుంచి జసోద అనే ఆవిడ మూట చంకన పెట్టుకుని వచ్చింది. కౌశల్య ఆమె పేరు రాసుకుని చిరునామా అడిగింది. జసోద తడుముకోకుండా పొలం నంబరు చెప్పింది. కౌశల్య కాగితం తిరగేసి, మొదట ఆ నంబరును జాగ్రత్తగా వెనక రాసింది. తర్వాత మళ్ళీ తిప్పి, కలం పట్టుకుని, నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావని అడిగింది.

రేకుల మీద వాన మొదలైంది. జసోద చంకనున్న మూట దించి ఒళ్ళో పెట్టుకుంది. కౌశల్య తొందర పెట్టలేదు.