సువార్తమ్మ ఎక్కని బస్సు

సూర్యాపేట దగ్గరి మోతెలో నాట్లు వేసే సువార్తమ్మకు పదిహేను నెలలుగా తెలిసినవి రెండే చోట్లు: ఇల్లు, హైదరాబాద్ దవాఖాన. ఐదేళ్ల కూతురు అఖిలకు రక్త క్యాన్సర్. భర్త నాగేందర్ మిర్యాలగూడ రైసు మిల్లులో హమాలీ. అతను పనికి, ఆమె బిడ్డ వెంట. ఇట్లా చేద్దామని ఎవరూ అనుకోలేదు, అట్లే అయిపోయింది.

నీళ్లు కాచి చల్లార్చి తాపాలి. అన్నం అప్పుడే వండింది పెట్టాలి. స్టెరాయిడ్ మాత్రలు వేసే వారం పిల్లకు ఆకలి ఆగదు. పప్పన్నం కావాలని ఏడ్చేది, కలిపి పెడితే గిన్నె తోసేసేది. నడుములో సూది వేసేప్పుడు కదలకుండా ముడిచి పట్టుకునేదీ సువార్తమ్మే.

వానాకాలం మొదట్లో వరుసగా రెండుసార్లు, రక్తకణాలు తక్కువున్నాయని మందు ఎక్కించకుండానే తిప్పి పంపారు. మూడోసారి బయల్దేరి సూర్యాపేట బస్టాండులో దిగిన ఆమె బెంచీ మీద కూలబడింది. హైదరాబాద్ బస్సు వచ్చింది. లేవలేదు.

"అమ్మా, బస్సు పోతాంది," మాస్కులోంచి అంది అఖిల.

"పోనీ బిడ్డా."

ఇంకోటీ పోయింది. నాగేందర్ ఫోన్ చేశాడు. "ఎక్కిన్రా?"

"ఎక్కలే. నాతోని అయితలేదు. కాళ్లు లేస్తలేవు."

అటునుంచి మిల్లు చప్పుడు వినబడుతోంది. తిడతాడనుకుంది.

"గాడనే కూసో. నేనొస్తున్న."

రెండు గంటలకు వచ్చాడు, జుట్టు నిండా తవుడుతో. నల్లా కింద తలా చేతులూ కడుక్కుని ఫైలు అడిగాడు. ఏ కాగితం ఎక్కడ చూపాలో ఆమె చెబుతుంటే తలూపాడు గానీ మొహంలో బెదురు పోలేదు. పిల్లను ఎత్తుకుని బస్సెక్కాడు. ఆమె మోతెకు తిరిగొచ్చి చెప్పులైనా విప్పకుండా నిద్రపోయింది.

మర్నాడు ఫోన్ చేశాడు. "సూది అయింది. ఎట్ల వట్టుకోవాల్నో నాకేం తెలుసు? అదే జెప్పింది, నాయినా, మెడ కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి అని. ఇన్ని దినాలు నువ్వొక్కదానివే వట్టుకున్నవా?"

ఆమెకు ఏడ్చే ఓపిక కూడా లేదు. "పిల్ల తిన్నదా?" అంది.

అప్పటినుంచి ఒకసారి ఆమె, ఒకసారి అతను. వైద్యం ఇంకో ఏడాది పైనే సాగింది. నిరుడు డాక్టరమ్మ మందులు ఆపేసింది. ఇప్పుడు మూడు నెలలకోసారి పరీక్షలే. అఖిల రెండో తరగతి. సువార్తమ్మ మళ్లీ నాట్లకు పోతోంది. అలసట మాత్రం తీరలేదంటుంది. మధ్యాహ్నం సద్ది తిని గట్టు మీద ఒరిగితే చాలు, కన్ను మూతపడుతుంది. తోటి ఆడవాళ్లు కాసేపు లేపరు.